ఆరున్నరకే బేరాలు మొదలయ్యే లోయ

శాంటాక్లారా, మిల్పిటాస్, ఫ్రీమాంట్: చిప్‌లు చేసే యంత్రాలకు పుట్టిళ్లు. ఇక్కడ ఒక్కో యంత్రం తయారవడానికి నెలలు పడుతుంది. దాన్ని చేసిన కంపెనీ షేరు తలరాత మాత్రం నిమిషాల్లో మారిపోతుంది

న్యూయార్క్‌లో స్టాక్ మార్కెట్ ఉదయం తొమ్మిదిన్నరకు తెరుచుకుంటుంది. మూడు గంటలు వెనకున్న కాలిఫోర్నియాలో అప్పటికి సమయం ఆరున్నరే. శాంటాక్లారాలోని బోవర్స్ ఎవెన్యూ మీద ట్రాఫిక్ ఇంకా ఊపందుకోదు. అప్లైడ్ మెటీరియల్స్ భవనాల ముందు పార్కింగ్ స్థలాలు నిండవు. కానీ అప్పటికే ఆ కంపెనీ విలువ కొన్ని వందల కోట్ల డాలర్ల మేర పెరిగిపోయి ఉండొచ్చు, లేదా తరిగిపోయి ఉండొచ్చు. లోపల తయారయ్యే యంత్రాల్లో రాత్రికి రాత్రి వచ్చిన మార్పేమీ లేదు. నాలుగు వేల కిలోమీటర్ల అవతల మన్‌హటన్‌లో ఒక బ్రోకరేజీ సంస్థ విశ్లేషకుడు తన నివేదికలో 'హోల్డ్' అన్న మాట కొట్టేసి 'బై' అని రాశాడు. అంతే.

సిలికాన్ వ్యాలీ చూడ్డానికి వచ్చేవారు ఆపిల్ పార్క్ దగ్గర ఫొటో దిగుతారు, గూగుల్ ఆవరణ చుట్టూ తిరుగుతారు. కొంచెం ఓపికున్నవారు శాంటాక్లారాలో ఇంటెల్ మ్యూజియం దాకా వస్తారు. బోవర్స్ ఎవెన్యూ వైపు వచ్చేవారు మాత్రం అరుదు. నిజానికి అక్కడ కంటికి ఆనేదీ పెద్దగా లేదు. రెండు మూడంతస్తుల భవనాలు, వాటి వెనుక గ్యాస్ ట్యాంకులు, కత్తిరించిన పచ్చిక. కానీ ప్రపంచంలో ఎవరి చేతిలో ఫోన్ ఉన్నా, అందులోని చిప్ ఏదో ఒక దశలో ఈ చుట్టుపక్కల రూపుదిద్దుకున్న యంత్రం గుండా వెళ్లే ఉంటుంది.

శాంటాక్లారాలో అప్లైడ్ మెటీరియల్స్, మిల్పిటాస్‌లో కెఎల్ఏ, ఫ్రీమాంట్‌లో లామ్ రీసెర్చ్. ట్రాఫిక్ కరుణిస్తే మూడింటినీ కారులో గంటలోపే చుట్టి రావచ్చు. ప్రపంచ సెమీకండక్టర్ యంత్రాల మార్కెట్‌ను శాసించే అయిదు పెద్ద సంస్థల్లో మూడు ఇవే. మిగిలిన రెండూ నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్, జపాన్‌లోని టోక్యో ఎలక్ట్రాన్.

పండ్ల తోటల నుంచి ప్లాస్మా దాకా

ఒకప్పుడు ఈ లోయకు వేరే పేరుండేది: 'హృదయానందపు లోయ'. కొండల దాకా ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ తోటలే. వసంతంలో తెల్లటి పూత, వేసవిలో పండ్లు ఎండబెట్టే చాపలు, డబ్బాల్లో నింపే కర్మాగారాలు. 1971లో డాన్ హోఫ్లర్ అనే పాత్రికేయుడు 'సిలికాన్ వ్యాలీ' అన్న పేరును అచ్చులో వాడేనాటికి తోటలు తరిగిపోతున్నాయి. సన్నీవేల్‌లో ఒక ఆప్రికాట్ తోటను మాత్రం నగరం వారసత్వ చిహ్నంగా కాపాడుకుంటోంది.

ఈ మార్పుకు నేల కూడా మూల్యం చెల్లించింది. చిప్ పరిశ్రమ తొలినాళ్లలో వాడిన ద్రావకాలు భూగర్భ జలాల్లోకి ఇంకాయి. అమెరికా ప్రభుత్వం 'సూపర్‌ఫండ్' జాబితాలో చేర్చిన కాలుష్య స్థలాలు శాంటాక్లారా కౌంటీలోనే 23 ఉన్నాయి. ఆ దేశంలో మరే కౌంటీలోనూ అన్ని లేవు.

అప్లైడ్ మెటీరియల్స్ 1967లో మొదలైంది. అయిదేళ్లకు, 1972లో, షేర్లు జారీ చేసి మార్కెట్లోకి వచ్చింది. సిలికాన్ పళ్లేల మీద అణువుల మందంలో పొరలు పరచడం దాని యంత్రాల ప్రధాన విద్య. చైనాలో పుట్టి అమెరికాలో చదివిన డేవిడ్ లామ్ 1980లో పెట్టిన లామ్ రీసెర్చ్‌ది అందుకు కొంత విరుద్ధమైన పని. పరిచిన పొరల్ని ప్లాస్మాతో చెక్కడంలో అది ఆరితేరింది. నేటి మెమరీ చిప్‌లలో రెండు వందలకు పైగా పొరలుంటాయి. వాటన్నింటినీ చీల్చుకుంటూ, వంకర పోకుండా, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నటి రంధ్రాలు కోట్ల కొద్దీ తొలవాలి. కెఎల్ఏది మూడో పాత్ర. మిగిలినవారు చేసిన పనిలో తప్పులు వెతుకుతుంది. 1970ల మధ్యలో పుట్టిన కెఎల్ఏ, దాని వెన్నంటే వచ్చిన టెన్‌కార్ 1997లో ఒకటయ్యాయి.

ఊళ్ల తీరు కూడా దేనికదే. మిల్పిటాస్‌లో ఒకప్పుడు ఫోర్డ్ కార్ల కర్మాగారం ఉండేది. 1983లో మూతబడ్డాక ఆ కట్టడమే గ్రేట్ మాల్‌గా మారింది. ఫ్రీమాంట్ 1956లో అయిదు చిన్న ఊళ్లు కలిసి ఏర్పడిన పట్టణం. లామ్ కార్యాలయాలున్న కుషింగ్ పార్క్‌వే పక్కనే చిత్తడి నేలలు, వాటిలో వాలే నీటిపక్షులు కనిపిస్తాయి. షేరు పెరిగినా తగ్గినా వాటికి ఒకటే.

ట్రాక్టర్ లెక్క

ఈ మూడు కంపెనీల షేర్లు ఎందుకంత ఎగిరెగిరి పడతాయో తెలుసుకోవాలంటే ఒక రైతు లెక్క చాలు. వరి ధర బాగా పలికిన ఏడాది రైతు కొత్త ట్రాక్టర్ కొంటాడు. ధర కాస్త తగ్గిందంటే, ఉన్న ట్రాక్టర్‌తోనే మరో రెండేళ్లు నెట్టుకొస్తాడు. అంటే ధాన్యం ధరలో పది శాతం తేడా ట్రాక్టర్ కంపెనీ అమ్మకాల్ని సగానికి తగ్గించగలదు. చిప్‌లు ధాన్యమైతే, శాంటాక్లారా యంత్రాలు ట్రాక్టర్లు. పైగా ఇక్కడ కొనే రైతులు లక్షల్లో లేరు. తైవాన్‌లోని టీఎస్ఎంసీ, కొరియాలోని శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలోని ఇంటెల్, మైక్రాన్ వంటి కొద్దిమందే. అందులో ఒక్కరు 'ఈ ఏడాది వద్దులే' అన్నా లోయ అంతటా ప్రకంపనలే.

అంకెలు చూస్తే గుండె ఝల్లుమంటుంది. పరిశ్రమ సంఘం 'సెమీ' లెక్కల ప్రకారం 2000లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4,770 కోట్ల డాలర్ల చిప్ యంత్రాలు అమ్ముడయ్యాయి. రెండేళ్లు తిరిగేసరికి, 2002లో, అవి 2,000 కోట్ల కిందికి పడిపోయాయి. 2009లో సుమారు 1,590 కోట్లే. మరుసటి ఏడాదే రెట్టింపు దాటాయి. 2024లో 11,710 కోట్ల డాలర్లు. అప్లైడ్ మెటీరియల్స్ ఆదాయమూ అదే ఉయ్యాల ఊగింది. 2000లో 956 కోట్ల డాలర్లున్నది 2003 నాటికి 448 కోట్లకు దిగింది. 2025 ఆర్థిక సంవత్సరంలో 2,837 కోట్లు. 2000 వసంతంలో తాకిన శిఖరాన్ని ఆ కంపెనీ షేరు మళ్లీ దాటడానికి 2017 దాకా పట్టింది. ఆ రోజు కొన్న ఉద్యోగి కొడుకు అప్పుడు బడిలో చేరితే, ఈలోగా కాలేజీ కూడా పూర్తి చేసి ఉంటాడు.

ఇలాంటి చోట ముందుచూపు అన్నది బంగారమే. ఆ ముందుచూపు తమ దగ్గరుందని చెప్పేవారే విశ్లేషకులు.

ఒక్క మాట, పది శాతం

విశ్లేషకుడి పని చూడ్డానికి సులువు. చిప్ కంపెనీలు వచ్చే ఏడాది యంత్రాల మీద ఎంత ఖర్చు పెడతాయో అంచనా వేయాలి. అందులో అప్లైడ్‌కు ఎంత, లామ్‌కు ఎంత, కెఎల్ఏకు ఎంత దక్కుతుందో లెక్క కట్టాలి. షేరుకు ఒక లక్ష్య ధర చెప్పాలి. కొనండి, ఉంచండి, అమ్మండి అన్న మూడు ముక్కల్లో ఒకటి రాయాలి. ఒకప్పుడు ఈ లెక్కలకు ఆధారం 'బుక్ టు బిల్' నిష్పత్తి. అంటే వంద డాలర్ల సరకు పంపిన నెలలో ఎన్ని డాలర్ల కొత్త ఆర్డర్లు వచ్చాయన్న లెక్క. సెమీ సంస్థ నెలనెలా దాన్ని ప్రకటించినప్పుడల్లా షేర్లు ఉలిక్కిపడేవి. 2017 ఆరంభంలో ఆ ప్రకటన ఆగిపోయింది. ఉలికిపాటు మాత్రం ఆగలేదు.

అందుకు 2024 అక్టోబర్ 15 మంచి ఉదాహరణ. ఏఎస్ఎంఎల్ ఫలితాలు మర్నాడు రావాల్సినవి, సాంకేతిక పొరపాటు వల్ల ఒకరోజు ముందే బయటపడ్డాయి. ఆ త్రైమాసికంలో వచ్చిన ఆర్డర్లు విశ్లేషకులు ఊహించినదాంట్లో సగం కూడా లేవు. వచ్చే ఏడాది అమ్మకాల అంచనానూ కంపెనీ తగ్గించింది. దాని షేరు సుమారు 16 శాతం పడింది. ఆ దెబ్బ సముద్రం దాటి శాంటాక్లారాను తాకింది. అప్లైడ్, లామ్, కెఎల్ఏ షేర్లు మూడూ ఆ ఒక్క రోజులో పది శాతానికి పైగా పోగొట్టుకున్నాయి. వాటి ఫలితాలు అప్పటికింకా వెలువడనే లేదు.

మరో ఉదాహరణ బోవర్స్ ఎవెన్యూలోనే దొరుకుతుంది. 2025 ఆగస్టు 14న అప్లైడ్ మెటీరియల్స్ ఒక త్రైమాసికంలో 730 కోట్ల డాలర్ల రికార్డు ఆదాయం ప్రకటించింది. పక్క వాక్యంలోనే, చైనా నుంచి గిరాకీ మందగించిందని, తర్వాతి మూడు నెలలు అంత బాగుండవని చెప్పింది. మర్నాడు షేరు దాదాపు 14 శాతం కూలింది. కొందరు విశ్లేషకులు రేటింగ్ తగ్గించారు. రెండు నెలలు తిరక్కుండానే కృత్రిమ మేధ చిప్‌ల గిరాకీ మీద ఆశలు పెరిగాయి. తగ్గించిన చోటే పెంపులు మొదలయ్యాయి. పోయినదంతా తిరిగి వచ్చి, షేరు పాత ధరను దాటింది. ఈ మధ్యకాలంలో యంత్రాలు మారలేదు. వాటిని కొనేవారూ మారలేదు. మారినదల్లా వాటి గురించి చెప్పుకునే కథే.

రేటింగ్ పెంచిన వార్త చదివి పొద్దున్నే కొనడం వల్ల లాభముందా? ఈ ప్రశ్నకు సమాధానం చాన్నాళ్ల కిందటే దొరికింది. ఆర్థికవేత్త కెంట్ వోమాక్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, 'కొనండి' అన్న సలహా తర్వాత షేరు మార్కెట్‌కన్నా సగటున 2.4 శాతం అదనంగా పెరుగుతుందని, ఆ ఊపు కొద్దికాలమే ఉంటుందని తేల్చారు. 'అమ్మండి' అన్న సలహా మాత్రం ఆరు నెలల పాటు పని చేసి 9.1 శాతం నష్టం చూపించింది. అంటే విశ్లేషకులు అరుదుగా చెప్పే మాటకే విలువెక్కువ. పైగా అమెరికాలో మార్కెట్ తెరవకముందే, కాలిఫోర్నియా గడియారంలో అర్ధరాత్రి దాటిన ఒంటి గంట నుంచే బేరాలు సాగుతాయి. సామాన్యుడు వార్త చదివేసరికి పెరగాల్సిన ధరలో చాలా భాగం పెరిగే ఉంటుంది.

ఫ్యాక్స్ యంత్రం మీద కెమెరా

విశ్లేషకుల మాటకు మచ్చ పడిన కాలమూ ఉంది. డాట్‌కామ్ మోజు నాటి సలహాల్లో చాలావరకు నిజాయతీ లేదని, సొంత సంస్థల ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వ్యాపారం కోసమే వాటిని వండారని ఆరోపణలొచ్చాయి. 2003 ఏప్రిల్‌లో వాల్‌స్ట్రీట్‌కు చెందిన పది పెద్ద సంస్థలు దాదాపు 140 కోట్ల డాలర్లు కట్టి ప్రభుత్వంతో రాజీపడ్డాయి. అంతకుముందే, 2000 అక్టోబర్ నుంచి, కంపెనీలు కీలక సమాచారాన్ని కొందరి చెవిలో ఊదకుండా, అందరికీ ఒకేసారి చెప్పాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది.

నిబంధనలున్నంత మాత్రాన ఆశ చావదు. ఆ ఆశ కథకు శాంటాక్లారాయే ఒక రంగస్థలం. ఇంటెల్ కార్యాలయంలో ఒక ఉద్యోగిని అమ్మకాల అంకెలను న్యూయార్క్‌కు ఫ్యాక్స్ చేస్తోందన్న అనుమానంతో 1998లో ఆ యంత్రం పైన రహస్య కెమెరా పెట్టారు. ఆమె దొరికిపోయింది. 2001లో నేరం ఒప్పుకుంది. ఆ ఫ్యాక్స్‌లు అందుకున్నది రాజ్ రాజరత్నం. శ్రీలంకలో పుట్టిన ఆయన నీధమ్ సంస్థలో ఎలక్ట్రానిక్స్ రంగం విశ్లేషకుడిగా మొదలై, గాలియాన్ అనే హెడ్జ్ ఫండ్‌కు అధిపతి అయ్యారు. 2009 అక్టోబర్‌లో అరెస్టయ్యారు. 2011లో 11 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ కేసులో తలవంచుకున్నవారిలో వ్యాలీలో పేరున్న భారతీయులూ ఉన్నారు. తెలివైన విశ్లేషణకు, దొంగిలించిన అంకెకు మధ్య గోడ ఎంత పలచనో దక్షిణాసియా అంతటికీ తెలిసొచ్చింది.

మూడింతల మత్తు

చట్టబద్ధంగానే చేతులు కాల్చుకునే మార్గాలూ బోలెడు. 30 చిప్ కంపెనీల షేర్లున్న సూచీలు అటూ ఇటూ కదిలితే, రోజువారీగా దానికి మూడింతలు కదిలే ఫండ్ 2010 నుంచే ఉంది. వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. సూచీ ఒకరోజు పది శాతం పెరిగి మర్నాడు పది శాతం తగ్గితే, వంద డాలర్లు 99 అవుతాయి. మూడింతల ఫండ్‌లో అదే వంద మొదట 130, తర్వాత 91. సూచీకి పోయింది ఒక డాలరు. మూడింతలు కావాలన్నవారికి పోయింది తొమ్మిది. ఊగిసలాటే స్వభావమైన రంగంలో ఇది చిల్లుపడ్డ కుండ.

తరచూ కొని అమ్మేవారి గతేమిటో బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడియన్ అనే ఆచార్యులు 2000లో లెక్కగట్టారు. 66,465 కుటుంబాల ఖాతాలను చూశారు. 1991-96 మధ్య మార్కెట్ ఏటా 17.9 శాతం లాభమిస్తే, అందరికన్నా ఎక్కువ బేరాలు చేసినవారికి దక్కింది 11.4 శాతం. భారత్‌లో పరిస్థితి ఇంతకన్నా దారుణం. రోజులోపే కొని అమ్మేవారిలో పదిమందికి ఏడుగురు 2022-23లో నష్టపోయారని సెబీ తేల్చింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ జూదంలో 2024 మార్చితో ముగిసిన మూడేళ్లలో 93 శాతం మందికి చేతికొచ్చింది నష్టమే. రిజర్వ్ బ్యాంక్ అనుమతించిన పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపే వీలుంది కాబట్టి, హైదరాబాద్‌లోనూ రాత్రి భోజనం వేళకు నాస్‌డాక్ తెరుచుకునే క్షణం కోసం ఫోన్ పట్టుకు కూర్చునేవారున్నారు.

తెలుగు వీధుల్లో

ఫ్రీమాంట్, మిల్పిటాస్, సన్నీవేల్, శాంటాక్లారాల్లో తెలుగు వినపడని వీధి అరుదు. ఎల్‌కమీనో రియల్ రోడ్డు మీద ఇడ్లీ, బిర్యానీ దొరుకుతాయి. శనాదివారాల్లో లివర్‌మోర్ గుడిలో తెలుగు పలకరింపులే. ఈ యంత్రాల కంపెనీల్లోనూ మనవాళ్లు తక్కువేమీ కాదు. వారి జీతంలో ఒక వాటా షేర్ల రూపంలో ఉంటుంది. ఏళ్ల వాయిదాల్లో కొద్దికొద్దిగా చేతికొస్తుంది. ఇంటి డౌన్‌పేమెంట్, పిల్లల చదువు, ఊళ్లో అమ్మానాన్నల వైద్యం, అన్నీ ఆ షేరు ధరతో ముడిపడినవే.

ఇక్కడే విచిత్రం. యంత్రం లోపల వాల్వు ఎప్పుడు మొరాయిస్తుందో కూడా తెలిసిన ఇంజనీరుకు, ఫలితాలు వచ్చే ముందు వారాల్లో సొంత కంపెనీ షేరు అమ్ముకునే స్వేచ్ఛ సాధారణంగా ఉండదు. లోపలి సమాచారంతో లాభపడకుండా ఉండేందుకు ఆ కట్టడి. ఆ యంత్రాన్ని ఏనాడూ చూడనివారు మాత్రం నిమిషానికోసారి కొని అమ్మొచ్చు. తెలిసినవాడి చేతులు కట్టేసి ఉంటాయి. తెలియనివాడి వేలు మీట మీదే ఉంటుంది.

షేరు పెరిగినంత మాత్రాన ఉద్యోగం భద్రమని కూడా కాదు. చరిత్రలోనే అత్యధిక ఆదాయం వచ్చిన ఏడాదిలో, షేరు ధర ఆకాశంలో ఉండగా, 2025 అక్టోబర్‌లో అప్లైడ్ మెటీరియల్స్ తన సిబ్బందిలో దాదాపు 4 శాతాన్ని తగ్గించుకుంటున్నట్లు ప్రకటించింది. హెచ్1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, మరొకటి వెతుక్కోవడానికి ఉండే గడువు 60 రోజులు. 2017కు ముందు ఆ మాత్రం గడువూ లేదు. 2001 మాంద్యంలో పెట్టెలు సర్దుకుని తిరిగొచ్చిన కుటుంబాలు తెలుగునాట ఎన్నో. రేటింగ్ పెంపు వార్త విని సంబరపడే ట్రేడరుకు, అదే ఉదయం హెచ్ఆర్ నుంచి మెయిల్ అందుకునే ఇంజనీరుకు ఒకే కంపెనీ రెండు వేర్వేరు ముఖాలు చూపిస్తుంది.

ఈ లోయ కొమ్మలు మెల్లగా ఇటూ పాకుతున్నాయి. అప్లైడ్, లామ్‌లకు బెంగళూరులో, కెఎల్ఏకు చెన్నైలో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. బెంగళూరులో నాలుగేళ్లలో 40 కోట్ల డాలర్లు పెడతామని 2023లో అప్లైడ్, కర్ణాటకలో పది వేల కోట్ల రూపాయలు పెడతామని 2025లో లామ్ ప్రకటించాయి. 2006లో హైదరాబాద్ శివార్లలో ఫ్యాబ్ సిటీ అని ఊరించి ఉసూరుమనిపించిన అనుభవం తెలుగువారికి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కు కేంద్రం 2025 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. ఈ రంగంలో ప్రకటనకు, ఫలితానికి మధ్య దూరం ఏళ్లలోనే ఉంటుంది.

ఆ దూరం ఎంతో కొలవాలంటే 1987కు వెళ్లాలి. ఆ ఏడాది అప్లైడ్ మెటీరియల్స్ 'ప్రెసిషన్ 5000' అనే యంత్రాన్ని తెచ్చింది. ఒకే చట్రంలో పలు గదులు, మధ్యలో సిలికాన్ పళ్లేన్ని గది నుంచి గదికి మార్చే రోబో చేయి. ఆ తర్వాత పరిశ్రమ నడిచిన దారి అదే. అదే ఏడాది అక్టోబర్ 19న డౌజోన్స్ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం కుప్పకూలింది. ఆ రోజు భయపడి ఎవరు అమ్మారో, ధైర్యం చేసి ఎవరు కొన్నారో ఇప్పుడెవరికీ పట్టదు. యంత్రం మాత్రం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో భద్రంగా ఉంది.